వేసవి సెలవులు 49 రోజులు: క్యాంపా, ఈతా, అమ్మమ్మ ఊరా?

ఏప్రిల్ మొదటి వారం రాగానే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకటే ప్రశ్న తిరుగుతుంది: "సెలవుల్లో పిల్లల్ని దేంట్లో వేస్తున్నారు?" ఒకరు అబాకస్ అంటారు, ఒకరు స్కేటింగ్ అంటారు, ఇంకొకరు క్యాంపు పోస్టరు పెడతారు. మనం ఇంకా ఏమీ అనుకోలేదే అని టెన్షన్ మొదలవుతుంది.

పోయిన ఏడాది ఆ టెన్షన్‌తోనే మా ఇద్దరు పిల్లల్నీ నాలుగు చోట్ల చేర్పించాం. పెద్దదానికి పదేళ్లు, చిన్నవాడికి ఆరు. పొద్దున స్కేటింగ్, పదింటికి క్యాంపు, సాయంత్రం కీబోర్డు, మధ్యలో డ్రాయింగ్. ఫీజులన్నీ ముందే కట్టాం కాబట్టి క్లాసు మానకూడదని అమ్మ వాళ్ల ఊరికి ప్రయాణం రెండుసార్లు వాయిదా వేశాం. చివరికి మే నెలాఖరులో వెళ్లేసరికి ఆవకాయ పెట్టడం అయిపోయింది. మా పాప జాడీ మూత తీసి చూసి, "నేను లేకుండా ఎందుకు పెట్టేశారు అమ్మమ్మా?" అని ఏడ్చింది. నాలుగేళ్ల వయసు నుంచీ మామిడి ముక్కలు తుడిచే పని దానిదే. కీబోర్డు క్లాసు ఏ నెలలోనైనా ఉంటుంది. ఆ పని మాత్రం మళ్లీ ఏడాదికే.

అందుకని ఈసారి ఏది ఎంచుకోవాలన్నా ముందు ఒకే ప్రశ్న వేసుకున్నాం. ఇది ఈ 49 రోజుల్లోనే దొరికేదా, లేక ఏ ఆదివారమైనా చేసుకోగలిగేదా? వేసవిలోనే దొరికేది ముందు రాసుకుని, మిగతావి తర్వాత చూసుకున్నాం. ఆ లెక్కలో ఏది ముందుకొచ్చింది, ఏది వెనక్కి పోయింది అన్నదే ఇక్కడ రాస్తున్నాను. మాది హైదరాబాద్, ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. మీ ఇంటి పరిస్థితిని బట్టి మార్చుకోండి.

ముందు ఎండ లెక్క

తెలంగాణలో 2024లోనూ 2025లోనూ బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు ఇచ్చి, 12న తెరిచారు. లెక్కేస్తే సరిగ్గా 49 రోజులు. కానీ చేతికి వచ్చేది అన్ని రోజులు కాదు. పదింటి నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా పిల్లల్ని ఎండలోకి పంపలేం. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె మొదలవుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దవాళ్లు అన్నది ఊరికే కాదు. పోయిన ఏడాది ఆ రోజుల్లోనే మధ్యాహ్నం కారులో తిప్పితే మా చిన్నవాడికి వడదెబ్బ తగిలి రెండు రోజులు మంచం మీదే ఉన్నాడు.

కాబట్టి బయట పనులకు మిగిలేది పొద్దున ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం ఐదున్నర తర్వాత. ఈ సమయాల్లో పట్టని క్లాసు ఎంత మంచిదైనా వదిలేశాం. దూరం కూడా అంతే. ఇంటికి మూడు కిలోమీటర్ల లోపు ఉన్న మామూలు కోచింగు, పన్నెండు కిలోమీటర్ల దూరంలోని పేరున్న కోచింగు కన్నా మేలు అని నా అనుభవం. తొమ్మిదిన్నరకు క్లాసు వదిలితే ఇంటికి చేరేసరికి పదిన్నర. ఆ గంట ఎండ పిల్లల ఒంట్లోని ఓపికంతా లాగేస్తుంది.

తర్వాత మన సెలవులు. నాకు పది రోజులు, మా ఆయనకు ఆరు రోజులు దొరుకుతాయి. ఇద్దరం ఒకేసారి పెట్టుకుంటే మిగిలిన రోజుల్లో పిల్లల దగ్గర ఎవరూ ఉండరు. అందుకే మూడు రోజులు మాత్రం కలిసి, మిగతావి విడివిడిగా పెట్టుకున్నాం.

సమ్మర్ క్యాంపు, మున్సిపాలిటీ మైదానం, ఒకే ఒక్క క్లాసు

ప్రైవేటు సమ్మర్ క్యాంపుల గురించి ఈసారి మా చుట్టుపక్కల ఐదు చోట్ల అడిగాను. రెండు వారాలకు నాలుగు వేల నుంచి తొమ్మిది వేల దాకా చెప్పారు. దాదాపు అన్ని చోట్లా పద్ధతి ఒకటే. సోమవారం మట్టి బొమ్మలు, మంగళవారం పొయ్యి లేని వంట, బుధవారం డాన్సు, గురువారం కాగితాల పని. పిల్లలకు సరదాగానే ఉంటుంది. ఏ పనీ రెండో రోజు కొనసాగదు కాబట్టి ఏదీ చేతికి రాదు. ఐదారేళ్ల పిల్లలకు అది లోపం కాదు, ఆ వయసులో కావాల్సింది కొత్త పిల్లలతో కలిసి ఆడటమే. తల్లిదండ్రులిద్దరూ ఆఫీసుకు వెళ్లి, ఇంట్లో పెద్దవాళ్లు లేకపోతే క్యాంపు నిజంగా ఆసరా. అప్పుడు ఏం నేర్పిస్తారని కాకుండా ఎవరు చూసుకుంటారని అడగండి. ఎంతమంది పిల్లలకు ఒక టీచరు, మంచినీళ్లు ఎక్కడ, బాత్రూమ్ ఎలా ఉంది, కరెంటు పోతే ఫ్యాను తిరుగుతుందా, పిల్లల్ని ఎవరికి అప్పగిస్తారు? వెళ్లి చూస్తామంటే వద్దన్న చోట చేర్పించకండి. పోయిన ఏడాది మేం చూడకుండానే డబ్బు కట్టిన చోట, ఒక చిన్న గదిలో ముప్పైమంది పిల్లల్ని కూర్చోబెట్టి మధ్యాహ్నాలు టీవీ పెట్టారు.

తొమ్మిదేళ్లు దాటిన పిల్లలకైతే క్యాంపు వద్దనే చెబుతాను. వాళ్లకు ఒక పని మీద నలభై రోజులు కూర్చునే ఓపిక వచ్చి ఉంటుంది. దాన్ని పది పనుల మధ్య ముక్కలు చేయడం నష్టం.

చాలామందికి తట్టని దారి జీహెచ్ఎంసీ, అంటే హైదరాబాద్ నగరపాలక సంస్థ వేసవి శిక్షణ శిబిరాలు. నగరంలోని ఆట మైదానాల్లో ప్రతి వేసవిలో పెడతారు, ఫీజు నామమాత్రం. ఖోఖో, కబడ్డీ, వాలీబాల్, పరుగు పందేలు, ఇలా మైదానాన్ని బట్టి ఆటలు ఉంటాయి. పొద్దున్నే మొదలై ఎండ ముదరకముందే అయిపోతాయి. అన్ని చోట్లా ఒకేలా ఉండవన్నది నిజమే. ఒక మైదానంలో కోచ్ పేరుపేరునా పిలిచి పరిగెత్తిస్తాడు, ఇంకోచోట యాభై మందికి ఒక్కడే ఉంటాడు. అందుకని చేర్చే ముందు రెండు రోజులు పొద్దున ఆరింటికి వెళ్లి గట్టు మీద కూర్చుని చూడండి. అక్కడ అన్ని రకాల ఇళ్ల పిల్లలూ ఉంటారు. మా వీధిలో కూరగాయలు అమ్మే ఆవిడ కూతురు, మా పాప ఒకే ఖోఖో జట్టులో ఆడారు. ఇప్పుడు ఆ పిల్ల బండి దగ్గరికి మా పాప రోజూ వెళ్లి మాట్లాడి వస్తుంది. ఏ క్యాంపులోనూ ఇది దొరకలేదు.

పాట, బొమ్మలు, నాట్యం కావాలనుకునేవాళ్లకు పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాల భవన్ ఉంది. ఫీజు తక్కువ, పాత చెట్ల నీడ. దూరం ఒక్కటే చూసుకోవాలి. జిల్లాల్లో ఉన్నవాళ్లు దగ్గర్లోని శాఖా గ్రంథాలయంలో అడగండి. చాలా చోట్ల వేసవిలో పిల్లలకు కథలు చదివించే శిబిరాలు జరుగుతుంటాయి.

ఒకే క్లాసు అయితే ఏది? నా ఓటు ఈతకే

ఒక్కటే ఎంచుకోమంటే ఇంకేం ఆలోచించకుండా ఈత అంటాను. ప్రతి వేసవిలో పేపర్లో వచ్చే వార్త మనందరికీ తెలుసు. సెలవులకు ఊరెళ్లిన పిల్లలు చెరువులోనో, కాలువలోనో, క్వారీ గుంతలోనో దిగి తిరిగి రాలేదు. ఆ వార్త చదివిన ప్రతిసారీ గుండె జారిపోతుంది. మన పిల్లలు నీళ్లున్న ఊళ్లకు వెళతారు. నీళ్లంటే ఏమిటో వాళ్లకు తెలియాలి. పైగా ఈత వేసవిలోనే కుదురుతుంది. బడి ఉన్న రోజుల్లో తెల్లవారుజామున పూల్‌కు తీసుకెళ్లడం మాలాంటి ఇళ్లలో అయ్యే పని కాదు.

రెండు వారాల ప్యాకేజీ, నెల ప్యాకేజీ అని రెండు రకాలు చెబుతారు. నెల తీసుకోండి. మొదటి వారం నీళ్ల భయం పోవడానికే సరిపోతుంది. మొహం ముంచి బుడగలు వదలడం, గోడ పట్టుకుని కాళ్లు ఆడించడం, తర్వాత పలక పట్టుకుని తేలడం. ఊపిరి తీసుకోవడం, చేతులు వేయడం కలిసి కుదిరేది మూడో వారంలో. మా పాప పదిహేనో రోజున "నాకు రాదు, మానేస్తా" అంది. పందొమ్మిదో రోజున పూల్ అడ్డంగా ఒక్కతే దాటింది. రెండు వారాలకే కట్టి ఉంటే రాదన్న మాట దగ్గరే ఆగిపోయేది.

పూల్ చూసేటప్పుడు ముందు నీళ్లు చూడండి. పైనుంచి చూస్తే అడుగు స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే మునిగిన పిల్లాడు కూడా కనిపించడు. పిల్లలకు వేరే లోతు తక్కువ భాగం, వేరే సమయం ఉండాలి. కోచ్ కాకుండా గట్టు మీద కాపలా మనిషి వేరేగా ఉండాలి, ఫోను చూసుకుంటూ కాదు. ఒక కోచ్‌కు ఎనిమిది మంది కన్నా ఎక్కువ మంది కొత్తవాళ్లుంటే నేనైతే చేర్చను. మంచి పూల్‌లో దిగే ముందు స్నానం చేయించి తీరతారు. కళ్లద్దాలు, టోపీ కొనండి, మిగతా సామాను అక్కర్లేదు. ఈత వచ్చాక కూడా పెద్దవాళ్లు లేకుండా నీళ్లలో దిగకూడదని రోజూ చెప్పండి. పూల్‌లో ఈదడం వేరు, పాచి పట్టిన చెరువు మెట్టు వేరు.

క్రికెట్ కోచింగు అడిగే అబ్బాయిలు ప్రతి ఇంట్లో ఉంటారు. పొద్దున సెషను అయితే పంపొచ్చు. మొదటి వేసవికే తోలు బంతి కిట్టు కొనమంటే మాత్రం ఒప్పుకోకండి. టెన్నిస్ బంతితో నెల రోజులు ఆడాక కూడా వాడే అడిగితే అప్పుడు చూడొచ్చు.

చదరంగానికి ఎండతో పనే లేదు. మన తెలుగు నేల మీద పిల్లలకు చూపించడానికి కళ్లెదుటే మనుషులున్నారు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే చదరంగం) విజేతగా నిలిచింది. గుంటూరు నుంచి ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ. వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగైసి 2024లో, ఆటగాళ్ల బలాన్ని కొలిచే రేటింగ్‌లో 2800 దాటాడు. మా అత్తగారిది హనుమకొండ కాబట్టి మా పిల్లలకు అర్జున్ అంటే ఇంటి అన్నయ్యే. అయినా చదరంగాన్ని వేసవి క్లాసుగా పెట్టలేదు. అది ఏడాది పొడవునా వారానికి రెండు సాయంత్రాలు సాగాల్సిన ఆట. వేసవి మధ్యాహ్నాల్లో ఇంట్లో బోర్డు పెట్టి ఆడిస్తున్నాం, పావులు ఎలా కదులుతాయో తాతయ్య నేర్పించారు. ఇంకా ఇష్టం ఉంటే జూన్‌లో క్లాసు.

కూచిపూడి, కర్ణాటక సంగీతం కూడా అలాంటివే. నలభై రోజుల్లో కూచిపూడిలో కొన్ని అడుగులు, సంగీతంలో సరళీ వరుసలు వస్తాయి, అంతే. నెలలో ఒక పాట మీద డాన్సు వేయిస్తామని చెప్పేవాళ్లకన్నా, "ముందు అడుగు సరిగ్గా పడనివ్వండి అమ్మా" అనే గురువు దగ్గర చేర్చండి. జూన్ తర్వాత కూడా కొనసాగించే ఉద్దేశం ఉంటేనే మొదలుపెట్టండి. పిల్ల ఇష్టంగా నేర్చుకుంటుండగా బడి తెరిచారని మాన్పిస్తే దాని మనసు నొచ్చుకుంటుంది.

అమ్మమ్మ ఊరు ఎన్ని రోజులు?

అసలు వెళ్లాలా వద్దా అన్న ప్రశ్నే మా ఇంట్లో లేదు. పెద్దవాళ్లు ఉన్నప్పుడే ఆ ఇల్లు ఇల్లు. ఎప్పుడు, ఎన్నాళ్లు అన్నదే ఆలోచించాల్సింది.

మా అమ్మ వాళ్లది అమలాపురం దగ్గర పల్లెటూరు. అక్కడ ఆవకాయ కాయ ఎప్పుడు కోస్తారో ముందు ఫోన్ చేసి కనుక్కుని, ఆ తేదీ చుట్టూ మిగతా క్యాలెండర్ వేశాం. కాయ కడగడం, తుడవడం, మావయ్య కత్తిపీట మీద ముక్కలు కొడుతుంటే జీడి తీసి లోపలి పొర గీకడం, పొడి గుడ్డతో ఒక్కో ముక్కా తుడవడం, ఈ పనుల్లో పిల్లలకు చోటు ఉంటుంది. ఆవపిండి, కారం, ఉప్పు, పప్పునూనె కలిపాక ఆ బేసిన్‌లో వేడి అన్నం వేసి ముద్దలు పెడతారు. దానికోసం పిల్లలు వరసలో కూర్చుంటారు. మధ్యాహ్నాలు అరుగు మీద గవ్వలతో అష్టాచెమ్మా, చింతపిక్కలతో వామనగుంటలు. రెండిటిలోనూ లెక్క ఉంది, ఎత్తు ఉంది, ఓడిపోయి మళ్లీ కూర్చోవడం ఉంది. అబాకస్ ఫీజు ఇచ్చి కొనుక్కునేది అక్కడ చాపమీద ఊరికే దొరుకుతుంది. తాటి ముంజలు, చిన్న రసాలు, పనస తొనలు సరేసరి.

ఏప్రిల్ మధ్య నుంచి గోదావరి డెల్టాలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. ఎండిన కాలువలో పిల్లలు క్రికెట్ ఆడతారు. అందరం నిశ్చింతగా ఉంటాం కానీ, అక్కడక్కడా మడుగుల్లో లోతుగా నీళ్లు నిలిచి ఉంటాయి. జూన్‌లో నీళ్లు వదిలే రోజు కూడా కనుక్కుని పిల్లలకు చెప్పాలి. కొబ్బరి తోటల్లో దింపు తీసే రోజున చెట్ల కింద తిరగొద్దని కూడా.

ఎన్నాళ్లు అంటే, పది పన్నెండు రోజులు. నెల పంపొచ్చు కదా అని మా అన్నయ్య అంటాడు. మా అమ్మకు 68 ఏళ్లు. ఇద్దరు పిల్లల వెనక నెల రోజులు తిరగడం ఆమెకు భారమే, నోరు తెరిచి చెప్పదు. ఒకరం తోడు ఉంటే పన్నెండు రోజులు అందరికీ హాయి. వెళ్లేటప్పుడు ఖర్చుకు డబ్బు చేతిలో పెట్టండి, పిల్లల మందులు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి.

నాయనమ్మ ఊరి లెక్క వేరు. హనుమకొండ మూడు గంటల దూరం కాబట్టి ఏ శని, ఆదివారమైనా వెళ్లగలం, దసరాకు బతుకమ్మకు ఎలాగూ వెళతాం. పైగా మే నెలలో అక్కడి ఎండ హైదరాబాద్ కన్నా ఎక్కువ. అందుకని వేసవిలో నాలుగు రోజులు చాలనుకున్నాం, అవి కూడా ఏప్రిల్ చివర్లో. ఆ రోజుల్లోనే ఒక తెల్లవారుజామున రామప్ప చూసి రావచ్చు. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాలోకి చేరింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలేంత తేలిక అని చెబితే మా వాడు దారంతా ప్రశ్నలే. ఎనిమిదిన్నరకల్లా తిరిగి బయల్దేరాలి, తర్వాత రాళ్లమీద కాలు పెట్టలేం.

ప్రయాణం విషయంలో రెండు మాటలు. రైలు రిజర్వేషను 2024 నవంబర్ నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకుముందు 120 ఉండేది. అంటే మే మొదటి వారం టికెట్టు మార్చి మొదటి వారంలో తీసుకోవాలి. ఐదేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు బెర్తు అడిగితే పూర్తి ఛార్జీ, బెర్తు వద్దంటే సగం. రాత్రి ప్రయాణమైతే పూర్తి ఛార్జీయే నయం. మేం రాజమండ్రిలో దిగి బస్సెక్కుతాం. కొవ్వూరు దాటాక గోదావరి వంతెన మీద పిల్లల్ని తప్పకుండా లేపండి. తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రలో స్త్రీశక్తి 2025 ఆగస్టు 15 నుంచి ఉన్నాయి. ఎవరి రాష్ట్రంలో వాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు, ఆడపిల్లలకు టికెట్టు లేదు. ఆధార్ దగ్గర పెట్టుకోండి.

ఊళ్లో తిరగడం: ఇప్పుడేది, వానల్లో ఏది

హైదరాబాద్‌లో చూపించాల్సినవి చాలా ఉన్నాయి, అన్నీ వేసవివి కావు. గోల్కొండనే తీసుకోండి. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపించడం పిల్లలకు అద్భుతమే, కానీ మే నెలలో ఆ మెట్లెక్కడం శిక్ష. ఆషాఢం రానివ్వండి, రెండు వానలు పడ్డాక వెళ్లండి. వికారాబాద్ అనంతగిరి కొండలు కూడా అంతే. మూసీ పుట్టిన చోటు చూపిస్తామని మేలో వెళితే ఎండిన ఆకులే కనిపిస్తాయి. నాగార్జునసాగర్ కూడా గేట్లు ఎత్తే రోజులకు దాచుకోండి.

జూ పార్కు సోమవారం మూసి ఉంటుంది. 380 ఎకరాలు, ఆరేళ్ల పిల్లాడు నడవలేడు. తెరిచే సమయానికి గేటు దగ్గర ఉంటేనే వేసవిలో వెళ్లండి. పదిన్నర దాటాక జంతువులు కూడా నీడలో పడుకుని లేవవు.

వేసవికి సరిగ్గా సరిపోయేది సాలార్ జంగ్ మ్యూజియం. శుక్రవారం సెలవు. పదింటికి లోపలికి వెళితే ఎండ ముదిరే సమయమంతా నీడలోనే ఉంటారు. పిల్లలు అన్ని గదులూ చూడలేరు, చూపించొద్దు కూడా. మేలిముసుగు రెబెకా పాలరాతి శిల్పం, ఏనుగు దంతాల గది, కత్తుల గది, అంతే. పన్నెండుకు పావుగంట ముందు గడియారం ముందు చేరండి. గంటగంటకూ బొమ్మ మనిషి బయటికి వచ్చి గంట కొడతాడు, పన్నెండింటికైతే పన్నెండు సార్లు. కింద కూర్చున్న వందమంది పిల్లలు గట్టిగా లెక్కపెడుతుంటే మా చిన్నవాడు తొమ్మిది దగ్గరే పది అనేసి, మళ్లీ సరిచేసుకుని అందరితో కలిశాడు.

రెండో ఎంపిక నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియం, పక్కనే సైన్స్ మ్యూజియం. తెలుగులో కూడా షో ఉంటుంది, సమయం కనుక్కుని వెళ్లండి. మ్యూజియంలో గోదావరి లోయలో దొరికిన ఎముకలతో నిలబెట్టిన డైనోసార్ ఉంది, పేరు కోటాసారస్. డైనోసార్లంటే ఎక్కడో అమెరికాలో ఉండేవని అనుకునే పిల్లలకు అవి మన గోదావరి లోయలోని యామనపల్లి దగ్గర తిరిగాయని చెప్పి చూడండి. రెండు మ్యూజియాలూ ఒకే రోజు పెట్టుకోవద్దు.

ఒక్క పెద్ద ప్రయాణం: అరకు, హార్స్‌లీ కొండలు, ఊటీ

మేం ముగ్గురు స్నేహితులం ఈ మూడూ పోల్చుకున్నాం. ఊటీ చల్లగా ఉంటుంది, దాంట్లో మాట లేదు. కానీ హైదరాబాద్ నుంచి వెళ్లి రావడానికే రెండు రోజులు పోతాయి. 2024 మే నుంచి సొంత బండిలో వెళ్లడానికి ఈ-పాస్ కూడా కావాలి. సెలవు నాలుగు రోజులే ఉన్నవాళ్లకు వద్దు. హార్స్‌లీ కొండలు 1,265 మీటర్ల ఎత్తు, మదనపల్లె దగ్గర. ఊరు చిన్నది, రెండు రోజులు చాలు. తిరుపతి, కడప, అనంతపురం, బెంగళూరు వాళ్లకు ఇదే సరైనది. మన దగ్గర్నుంచి దూరం.

మాకు అరకే కుదిరింది, ఎందుకంటే అమ్మ వాళ్ల ఊరి నుంచి విశాఖ దగ్గర. విడిగా హైదరాబాద్ నుంచి మరో ప్రయాణం పెట్టుకోకుండా, కోనసీమ పన్నెండు రోజుల చివర మూడు రోజులు అతికించాం. ఇద్దరం కలిసి పెట్టుకున్న సెలవు ఇదే. అరకుకు రోడ్డు మీద కూడా వెళ్లొచ్చు, పిల్లలుంటే మాత్రం విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలే ఎక్కండి. సొరంగాలు లెక్కపెట్టడంలోనే వాళ్లకు నాలుగు గంటలు తెలియకుండా గడుస్తాయి. అద్దాల పెట్టె టికెట్లు త్వరగా అయిపోతాయి. దొరక్కపోతే మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నా అదే కొండ, అదే లోయ. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు మీద బొర్రా గుహలు చూసుకుంటూ దిగడం మంచి పద్ధతి. గుహల్లో మెట్లు తడిగా ఉంటాయి, జారని చెప్పులు వేయండి.

విశాఖలో ఆర్కే బీచ్ దగ్గర కురుసుర జలాంతర్గామి మ్యూజియం తప్పకుండా చూపించండి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002 నుంచి ఒడ్డున నిలబడింది. సోమవారం మూసేస్తారు. లోపల అంత ఇరుకులో నావికులు నెలల తరబడి ఎలా ఉండేవారో చూశాక మా పాప చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఎదురుగానే టీయూ-142 నౌకాదళ నిఘా విమానం కూడా ఉంది. ఈ బీచ్‌లో పిల్లల్ని నీళ్లలోకి దించకండి, లోపలికి లాగే అలలుంటాయి. ఇసుకలో ఆడుకోనివ్వండి, అదీ సాయంత్రమే.

మిగిలిన మధ్యాహ్నాలు

పొద్దున ఈత, సాయంత్రం వీధిలో ఆట పోగా రోజుకు ఆరేడు గంటలు మిగులుతాయి. ఆ సమయానికి క్లాసు వెతక్కండి. మొదటి మూడు రోజులు "బోర్ కొడుతోంది" అని వెంటపడతారు. ఫోన్ ఇచ్చేయకుండా ఓపిక పడితే నాలుగో రోజున వాళ్లే ఏదో ఒకటి మొదలుపెడతారు. మా పాప పాత చీర ముక్కలతో బొమ్మలకు బట్టలు కుట్టింది, సూదిలో దారం ఎక్కించడం మాత్రం నేను నేర్పాను.

ఒక్క పని మాత్రం మేం పెట్టాం, తెలుగు చదవడం. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు ఒత్తుల దగ్గరే బండి ఆగిపోతుంది. తెలుగు ట్యూషన్ పెట్టాలా అని ఆలోచించి, దానికి బదులు రోజుకు ఒక ఉత్తరం అనుకున్నాం. ఇన్‌లాండ్ లెటర్లు కొని ఇచ్చాం. తాతయ్యకు ఒకటి, నాయనమ్మకు ఒకటి. వాళ్లు తిరిగి రాసిన ఉత్తరం చదవాలంటే ఒత్తులు రావాలి, అందుకోసం వాళ్లే అడిగి నేర్చుకున్నారు. బస్సు బోర్డులు, కొట్ల పేర్లు చదివించడం చిన్నవాడికి.

అమెరికాలో ఉన్న మా అక్క పిల్లలకు సెలవులు జూన్‌లో మొదలై ఆగస్టు దాకా. వాళ్లు వచ్చేసరికి మా వాళ్లకు బడి తెరుస్తారు. అలాంటి చుట్టాలుంటే వాళ్ల రాక కోసం ఒక శని, ఆదివారం గోల్కొండను అట్టేపెట్టుకోండి. అప్పటికి వానలు కూడా పడతాయి.

మా క్యాలెండర్ చివరికి ఇలా పడింది

ఏప్రిల్ 24 నుంచి 27 దాకా హనుమకొండ, రామప్ప. 28 నుంచి మే 9 దాకా కోనసీమ, ఆవకాయ రోజు అందులోనే. తర్వాత మూడు రోజులు విశాఖ, అరకు. మే 14 నుంచి జూన్ 10 దాకా పొద్దున ఆరున్నరకు పాపకు ఈత, చిన్నవాడికి మైదానం. రోహిణి కార్తె మొదలయ్యేలోపు సాలార్ జంగ్ ఒక రోజు, ప్లానెటేరియం ఒక రోజు. ఆ తర్వాత పూల్, మైదానం, ఇల్లు తప్ప ఎక్కడికీ లేదు.

జూన్ 7, 8 తేదీల్లో మృగశిర వస్తుంది, అత్తమ్మ ఆ రోజు చేపల పులుసు తినాల్సిందే అంటారు. ఆ రోజు నుంచి పిల్లల్ని తొమ్మిదింటికే పడుకోబెట్టడం మొదలుపెట్టండి, లేకపోతే 12న పొద్దున లేవరు. బడి బూట్లు కూడా అప్పుడే కొనండి. ఏప్రిల్‌లో ఆఫర్ ఉందని కొన్న జత మా వాడికి జూన్‌లో పట్టలేదు.